ఓర్పు వేరు, ఆశానిగ్రహం వేరు

ఈ వారం ధ్యానం ముఖ్యంగా మన సంఘ స్త్రీల కోసం. అయినా సహోదరులు కూడా చివరి వరకు చదవాలని మనవి. మీకు చెప్పవలసిన మాట కూడా ఇందులో ఉంది.

గలతీ 5:22-23లో ఆత్మఫలం గురించి పౌలు రాసినది మన సండేస్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. మొత్తం తొమ్మిది గుణాలు. నాలుగోది దీర్ఘశాంతం, తొమ్మిదోది ఆశానిగ్రహం. ఈ రెండూ ఒకటే అయితే పౌలు రెండుసార్లు రాయనక్కరలేదు. అయితే స్త్రీల కూటాల్లో ఆశానిగ్రహం మీద ప్రసంగం పెట్టినప్పుడు చాలాచోట్ల ఒక పొరపాటు జరుగుతుంది. తొమ్మిదోది చదివి, నాలుగోది ప్రసంగిస్తారు. “ఓర్చుకో అమ్మా, సర్దుకుపో అమ్మా, ఇంట్లో ఎదురు మాట్లాడకు అమ్మా” అని ముగిస్తారు. విన్న తల్లులు తలూపి, ఆమేన్ చెప్పి, ఇంటికి వెళ్లి మళ్లీ పొయ్యి వెలిగిస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన పల్లెల్లో క్రైస్తవ స్త్రీకి ఓర్పు కొరత లేదు. ఆమెకు కరువైనది తన మీద తనకు ఉండవలసిన ఏలుబడి. దేవుని వాక్యం ఆమెకు ఇస్తానన్నది కూడా అదే.

రోజంతా క్రమమే, కానీ ఎవరి క్రమం?

మిరపకోతల రోజుల్లో మన సహోదరి దినచర్య చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, అన్నం కూర వండి, పిల్లలకు పెట్టి, తనకు క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కుతుంది. పొద్దుగూకేదాకా వంగి కోస్తుంది. ఘాటుకు మండే చేతులతో ఇంటికొచ్చి రాత్రి వంట మొదలుపెడుతుంది. అందరూ తిన్నాక మిగిలినది తిని, గిన్నెలు తోమి పడుకుంటుంది. ఈమెకు క్రమశిక్షణ నేర్పాలని ఎవరైనా అంటే ముందు ఆమెతో ఒక రోజు చేలోకి వెళ్లి రావాలి.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజులో ఆమె నిర్ణయించినది ఎంత? లేచే వేళ ఆటో నిర్ణయించింది. పని వేళ మేస్త్రీ నిర్ణయించాడు. కూర ఏమిటో ఇంట్లోవాళ్లు చెప్పారు. కూలి డబ్బు ఎక్కడికి పోవాలో గ్రూపు వాయిదా నిర్ణయించింది. పడుకునే ముందు చేతికొచ్చిన ఆ పావుగంటను ఫోను తీసుకుంది. రోజంతా క్రమం ఉంది. ఆ క్రమం మాత్రం ఆమెది కాదు.

పౌలు వాడిన గ్రీకు మాట ‘ఎన్‌క్రతెయా’. బలం, పట్టు, ఏలుబడి అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది. తన మీద తనకు పట్టు ఉండడం అని దాని భావం. ఇంకొకరి పట్టులో అణిగి ఉండడానికి ఆ మాట చెల్లదు.

గడియ ఎటువైపు ఉంది?

సామెతలు 25:28 చూడండి. తన మనస్సును అణచుకోలేని మనిషిని సొలొమోను గోడలు కూలిపోయిన పట్టణంతో పోలుస్తాడు. ఆ కాలంలో గోడలేని ఊళ్లోకి దొంగా రావచ్చు, దండూ రావచ్చు. అడిగేవాడు లేడు. ఆశానిగ్రహం అంటే ఆ ఊరికి గోడ.

గోడ జైలుకీ ఉంటుంది, ఇంటికీ ఉంటుంది. తేడా ఎక్కడ? గడియ ఎటువైపు ఉంది అన్నదాంట్లో. జైలు గడియ బయట ఉంటుంది, లోపలివాళ్లు తీసుకోలేరు. ఇంటి గడియ లోపల ఉంటుంది. ఎవరిని రానివ్వాలో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాలో ఇంటివాళ్లే చూసుకుంటారు. భయం వల్ల నోరు మూసుకున్న స్త్రీని చూసి “ఎంత నిగ్రహం!” అని మెచ్చుకుంటే, జైలును చూసి ఇల్లు అన్నట్టే. ఆమెకు నోరు తెరిచే వీలే లేదు. అక్కడ నిగ్రహానికి చోటెక్కడిది? మాట్లాడగలిగి ఉండి, దేవుని ఎదుట ఆలోచించి, ఇప్పుడు మాట్లాడకూడదని ఆగితే అది నిగ్రహం. ఇప్పుడు మాట్లాడి తీరాలని నోరు తెరిచినా అది నిగ్రహమే.

2 తిమోతి 1:7లో పౌలు దేవుడిచ్చిన ఆత్మను గురించి చెబుతూ ఇంద్రియ నిగ్రహాన్ని శక్తితో, ప్రేమతో కలిపి చెప్పాడు. పిరికితనాన్ని దానికి ఎదురుగా నిలబెట్టాడు. పిరికితనానికి నిగ్రహం అని పేరు పెట్టే అధికారం మనలో ఎవరికీ లేదు.

అబీగయీలు ఆ రాత్రి, ఆ ఉదయం

ఆశానిగ్రహంగల స్త్రీని బైబిలులో చూపించమంటే నేను 1 సమూయేలు 25వ అధ్యాయం తెరుస్తాను. మాయోనులో నాబాలు అనే ధనవంతుడు. మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు. మోటు మనిషి. గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగ రోజుల్లో దావీదు మనుషులు వచ్చి సహాయం అడిగితే అవమానించి పంపాడు. దావీదుకు కోపం వచ్చింది. నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయలుదేరాడు. తెల్లవారేసరికి ఆ ఇంట ఒక్క మగవాణ్ణి కూడా మిగల్చనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ కథలో ఇద్దరు మగవాళ్లకూ తమ మీద తమకు పట్టు లేదు. ఒకడు తాగుడులో, ఒకడు కోపంలో ఉన్నాడు.

ఇక ఆ ఇల్లాలిని చూడండి. పనివాడు వచ్చి విషయం చెప్పగానే గుండెలు బాదుకోలేదు. రెండు వందల రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన అయిదు గొర్రెలు, అయిదు మానికల వేచిన ధాన్యం, నూరు ద్రాక్ష గెలలు, రెండు వందల అంజూరపు అడలు గాడిదల మీద వేయించింది. భర్తకు చెప్పలేదు. ఆ మాట 19వ వచనంలో దాపరికం లేకుండా రాసి ఉంది. కత్తి పట్టుకుని ఎదురొస్తున్న దావీదు ముందు గాడిద దిగి, సాష్టాంగపడి, సాత్వికంగా, కానీ తప్పును తప్పు అని తెలిసేలా మాట్లాడింది. రక్తం చిందిస్తే రేపు నువ్వు రాజువైనప్పుడు అది నీ మనస్సాక్షిని పొడుస్తుందన్న సంగతి ఆయనకు గుర్తు చేసింది. దావీదు ఆగాడు. తనను ఆపినందుకు ఆమెను దీవించాడు.

నాకు ఇంకా గొప్పగా కనిపించేది ఆ తర్వాత జరిగినది. ఆమె ఇంటికి వచ్చేసరికి నాబాలు రాజుగారి విందులాంటి విందు చేసి, మత్తులో మునిగి ఉన్నాడు. ఆమె ఆ రాత్రి ఒక్క మాట చెప్పలేదు. తెల్లవారి మత్తు దిగిన తర్వాత జరిగినదంతా చెప్పింది. 36, 37 వచనాలు చదవండి. రాత్రి ఆగింది, ఉదయం చెప్పింది. చాలామంది సగం నేర్పుతారు. “రాత్రి మాట్లాడకు” అని నేర్పుతారు గాని, “తెల్లవారాక తప్పక చెప్పు” అని నేర్పరు. తాగి వచ్చిన భర్త ఉన్న ఇంట్లో ఈ రెండో సగం లేక ఎంతోమంది ఏళ్లకేళ్లు ఆ రాత్రిలోనే ఉండిపోతున్నారు.

ఈ రెండో సగం ఏం చేయగలదో మన నెల్లూరు జిల్లా చూసింది. 1992లో దూబగుంట స్త్రీలు, రోసమ్మ గారు ముందుండగా, ఊళ్లో సారా వద్దని నిలబడ్డారు. అది సంఘం నడిపిన ఉద్యమం కాదు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న కూలి స్త్రీలు నడిపినది. ఏళ్ల తరబడి ఓర్చుకున్నవాళ్లే వాళ్లు. ఓర్పు వల్ల సారా దుకాణం మూతపడలేదు. కలిసి కూర్చుని, ఆలోచించి, వెనక్కి తగ్గకుండా అడిగినందువల్ల మూతపడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, నిజమే. అయినా కూలి స్త్రీ గట్టిగా చెప్పిన “వద్దు” అనే మాటకు ఎంత బలముందో రాష్ట్రం మొత్తం చూసింది.

మరి లోబడడం సంగతి?

ఇలా చెబితే సంఘ పెద్దలు కొందరు అడుగుతారు: “అయ్యగారూ, భార్యలు లోబడి ఉండాలని ఎఫెసీ పత్రికలో లేదా?” ఉంది. 5:22లో ఉంది. దానికి ముందు 21వ వచనంలో క్రీస్తునందలి భయంతో అందరూ ఒకరికొకరు లోబడాలని కూడా ఉంది. లోబడడం మనసారా ఇచ్చేది. తన మీద తనకు పట్టు ఉన్న మనిషే తనను తాను ఇవ్వగలదు. పట్టు లేని దగ్గర ఇవ్వడం ఉండదు, లాక్కోవడమే ఉంటుంది.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో సప్పీరా ఉంది. ఆమె భర్త అననీయ పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకున్నాడు. ఆమెకు తెలుసు. భర్త మాటకు కట్టుబడింది. మూడు గంటల తర్వాత పేతురు ఆమెను విడిగా అడిగాడు. నీ భర్త ఏం చెప్పాడు అని అడగలేదు, నువ్వు చెప్పు అన్నాడు. ఆమె భర్త చెప్పిన అబద్ధమే చెప్పింది. ఆ భర్త పడిన చోటే పడి చనిపోయింది. అమ్మా, దేవుడు నిన్ను విడిగా అడుగుతాడు. నీ జవాబు నీదే. కాబట్టి నీ మనసుకు తాళంచెవి ఇంకొకరి జేబులో ఉండకూడదు.

దెబ్బల సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి. దెబ్బలు తిని, మెడ మీద వాతలు కొంగుతో కప్పుకుని ఆదివారం ఆరాధనకు రావడం ఆశానిగ్రహం కాదు. దాన్ని నిగ్రహమని మెచ్చుకునే సంఘం ఆ పాపంలో పాలుపంచుకుంటుంది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం మన దేశంలో 2005లో వచ్చింది. 181 నంబరు మహిళల సహాయం కోసమే ఉంది. ఆ నంబరుకు ఫోను చేసిన సహోదరి విశ్వాసంలో బలహీనురాలు కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆత్మఫలం ఆత్మ ఇచ్చేదే. కానీ చెట్టుకు కాయ దేవుడిస్తాడని పాదు తవ్వడం మానేసే రైతు ఉండడు. మనం తవ్వవలసిన పాదులు నాలుగు చెబుతాను.

మొదటిది, వేళ. రోజులో ఒక పావుగంట నీది, నీ దేవునిది అని గిరి గీసుకో. “ఒక్క గది ఇల్లు అయ్యగారూ, ఎక్కడ కూర్చోవాలి?” అని అడుగుతారు. దొడ్లో కూర్చో, గట్టు మీద కూర్చో, చర్చి తలుపు తీసే ఉంటుంది, వచ్చి కూర్చో. ఇంట్లోవాళ్లకు చెప్పి కూర్చో. దొంగచాటుగా చేసే ప్రార్థనకు రోజూ ఏదో ఒక అడ్డు వస్తుంది. “ఈ పావుగంట నన్ను పిలవకండి” అని చెప్పిన రోజున నీ గోడకు మొదటి రాయి పడినట్టు.

ఒంగోలు ప్రార్థన కొండ కథ మనకందరికీ తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కి ఈ తెలుగు ప్రజల కోసం ప్రార్థించినవారు అయిదుగురు: జూయెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. లెక్కపెట్టండి, అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. క్లౌ దొరగారు ఒంగోలు వచ్చినది 1866లో. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఆ చీకట్లో నిద్ర ఆపుకుని కొండెక్కిన స్త్రీలను ఆ ఉదయం పని తరమలేదు. దేవుని కోసం తామే లేచారు. మనం నాలుగింటికి లేవడం కొత్తగా నేర్చుకోనక్కరలేదు. ఆ లేవడంలో కొంత దేవునికి ఇవ్వడం నేర్చుకోవాలి.

రెండోది, నోరూ ఫోనూ. యాకోబు పత్రిక మూడో అధ్యాయం నాలుకను చిన్న నిప్పురవ్వతో పోల్చింది. ఇప్పుడు ఆ నిప్పు బొటనవేలి కొసకు వచ్చింది. కుళాయి దగ్గర అన్న మాట నలుగురు వింటారు. వాట్సాప్‌లో పెట్టిన మాట ఊరు దాటిపోతుంది. ఎవరి కూతురు ఎవరితో మాట్లాడిందో ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కటే ప్రశ్న వేసుకో: ఇది ఆమె ఎదురుగా నిలబడి అనగలనా? అనలేకపోతే తీసెయ్. ఇక రీల్స్ సంగతి. రోజంతా అలసిన మనిషి కాసేపు నవ్వుకుంటే నేను తప్పుపట్టను. కానీ ఒకటి చూసి ఆపుదామనుకుని ముప్పై చూశామంటే, చూసినది మనం కాదు, మనల్ని నడిపించినది అది. ఫోను ఛార్జింగు పెట్టే చోటు మంచానికి దూరంగా మార్చండి. చిన్న పనే. గోడలు చిన్న రాళ్లతోనే కడతారు.

మూడోది, సంతకం. దీని గురించి ప్రసంగ వేదిక మీద ఎవరూ మాట్లాడరు, అందుకే ఎక్కువ చెబుతున్నాను. ఈ రోజు అప్పు మన ఇళ్లలోకి ఎక్కువగా స్త్రీ సంతకం మీదుగానే వస్తోంది. గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. డబ్బు మాత్రం చాలాసార్లు ఆమె చేతికి అందనే అందదు. మరిది బండికో, భర్త పాత బాకీకో, బంధువుల పెళ్లికో పోతుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారం వాయిదాల ఒత్తిడి ఎంత దూరం పోయిందో, ఎన్ని ఇళ్లలో ప్రాణాలు పోయాయో పెద్దవాళ్లకు గుర్తుంది. ఆ అక్టోబరులో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సామెతలు 6వ అధ్యాయం మొదటి అయిదు వచనాలు, 22:26-27 చదవండి. ఇంకొకరి అప్పుకు పూటపడడం గురించి వాక్యం ఎంత కఠినంగా హెచ్చరిస్తుందో చూడండి. వలలో చిక్కిన జింకలా తప్పించుకోమంటుంది, నువ్వు పడుకునే పరుపు కూడా పోతుందంటుంది.

కాబట్టి అమ్మా, సంతకం పెట్టే ముందు మూడు అడుగు. ఎంత? ఎవరికి? ఎవరు కడతారు? జవాబు తేలకపోతే “రేపు చెబుతాను” అను. ఆ రాత్రి ప్రార్థన చేసి పొద్దున్నే “వద్దు” అని చెప్పగలిగితే, అది నలభై దినాల ఉపవాసానికి తీసిపోని నిగ్రహం. అవును అంటే అవును, కాదు అంటే కాదు అని ప్రభువు కొండమీది ప్రసంగంలో నేర్పినది మగవారికి మాత్రమే కాదు. చీర కొనడంలోనూ అంతే. పక్కింటి చీర చూసి చిట్టీ పాడిన డబ్బు తగలేసి, తర్వాత వాయిదాకు వెతుక్కోవడం గోడలేని పట్టణం పనే.

నాలుగోది, ఉపవాసం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ముందు వరుసలన్నీ స్త్రీలవే. శ్రమదినాల్లో నలభై రోజులు పట్టేవారిలోనూ వాళ్లే ఎక్కువ. దేవునికి స్తోత్రం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అంటే ఉపవాస కూటంలో మోకరించిన ప్రతి ఇద్దరిలో ఒకరికి రక్తం తక్కువగా ఉండవచ్చు. ఏడాదంతా చివర మిగిలినది తినే మనిషి ఇంకా ఏం మానెయ్యాలి?

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, షుగరు మాత్రలు వేసుకునేవారు, రక్తం తక్కువ ఉందని ఆసుపత్రిలో చెప్పినవారు భోజనం మానవద్దు. మీకు వేరే ఉపవాసం ఉంది. నలభై రోజులు సీరియల్ మానండి, చాడీలు మానండి. అన్నిటికంటే కష్టమైనది చెప్పనా? నలభై రోజులు అందరితో కలిసి కూర్చుని, వేడిగా ఉన్నప్పుడే తినండి. ఏఎన్ఎమ్ అమ్మ ఇచ్చిన ఐరన్ మాత్ర మానకుండా వేసుకోండి. నీ దేహం దేవుని ఆలయమని 1 కొరింథీ 6:19 చెబితే, ఆ ఆలయానికి సున్నం వేయడం కూడా ఆరాధనే. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసం కాడిమాను విరగ్గొట్టేది. మోసేవారి మెడ మీద ఇంకో కాడి పెట్టేది కాదు.

సహోదరులకు

ఇప్పుడు మీకు. తీతు 2వ అధ్యాయంలో ‘స్వస్థబుద్ధి’ అన్న మాట ఎవరెవరికి చెప్పారో వేలు పెట్టి చూడండి. రెండో వచనంలో వృద్ధులకు, అయిదో వచనంలో యౌవనస్త్రీలకు, ఆరో వచనంలో యౌవనపురుషులకు, పన్నెండో వచనంలో మనందరికీ. ఆరో వచనంలో యౌవనపురుషులకు చెప్పించిన సంగతి అదొక్కటే. వాళ్లకు ముందు అదే కావాలని పౌలుకు తెలుసు.

పౌలు ఆశానిగ్రహం గురించి ఎదురెదురుగా ప్రసంగించిన సందర్భం ఒకటి లూకా రాశాడు, అపొస్తలుల కార్యములు 24లో. ఎవరికి? అధిపతియైన ఫేలిక్సుకు. పక్కన భార్య ద్రుసిల్ల కూర్చుని ఉంది. పౌలు ఆమెకు ఓర్పు నేర్పలేదు. నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి మాట్లాడితే భయంతో వణికినవాడు ఫేలిక్సు. అధికారం ఎవరి చేతిలో ఉందో నిగ్రహం ముందు వారికి ప్రసంగించాలి. ఈ క్రమం మన సంఘాల్లో తలకిందులైంది.

ఇంకొకటి. సామెతలు 31 మాతృ దినాన మనం తప్పక చదువుతాం. ఆమె చీకటితోనే లేస్తుందన్న 15వ వచనం, సోమరిగా తినదన్న 27వ వచనం మనకు చాలా ఇష్టం. 16వ వచనంలో ఆమె పొలం చూసి తానే ఎంచి కొంటుంది. 22లో మంచి బట్ట కట్టుకుంటుంది. 26లో జ్ఞానంతో నోరు తెరుస్తుంది. 31లో ఆమె చేతిపని ప్రతిఫలం ఆమెకే ఇవ్వమని ఆజ్ఞ ఉంది. ఆ వచనాలు కూడా మీ ఇంట్లో చదవండి.

విశ్రాంతి దినపు ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరి పేర్లూ ఉన్నాయి. ఎద్దుకు కూడా విశ్రాంతి ఉంది. మన ఇళ్లలో ఆదివారం ఆరాధన అయ్యాక మగవారు నడుం వాల్చే వేళకు ఆమె మసాలా నూరుతుంటుంది. చుట్టాలొస్తే రెండింతల పని. వచ్చే ఆదివారం ఒక గంట గిన్నెల దగ్గర మీరు కూర్చోండి. అది మీ నిగ్రహం. ఆమె ఆ గంట వాక్యం చదువుకుంటే అది ఆమె నిగ్రహం. ఒకే ఆత్మ ఇద్దరిలోనూ ఫలించడమంటే అదే.

సహోదరీ, ఈ వారం నాలుగు పాదులూ ఒక్కసారే తవ్వాలని చూడకు. ఒక్కటి ఎంచుకో. పావుగంటా, ఫోనా, సంతకమా, వేడి అన్నమా, నీకు తెలుసు. ఒక్కటి నెల రోజులు నిలిస్తే రెండోదానికి బలం దానంతటదే వస్తుంది. తప్పిపోయిన రోజున మానెయ్యకు. మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే దిగింది.

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ మాటలు చదివిన నీ కుమార్తెలను నీ చేతికి అప్పగిస్తున్నాం. పని భారంతో వంగిన నడుములను నీవు ఎరుగుదువు. వారి మనసులకు గోడ కట్టుము, గడియ వారి చేతికి ఇమ్ము. ఆగవలసిన రాత్రి ఆగే జ్ఞానాన్ని, చెప్పవలసిన ఉదయం చెప్పే ధైర్యాన్ని దయచేయుము. వారి ఇళ్లలోని మగవారికి కూడా అదే ఆత్మను అనుగ్రహించుము. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.